మనీషా అవుట్ అన్న బంతి

"నేను తింట. కానీ బాపమ్మ వడ్డిస్తే తిన."

మనీషా ఈ మాట తల్లితో అంది. బాపమ్మ పక్కనే, అన్నం గరిటె చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

వనిత అత్తగారి చేతిలోని గరిటె అందుకోలేదు. కూతుర్ని కసరనూ లేదు. పప్పుగిన్నె మీది మూత తీసి, లోపల ఉన్నది పప్పేనని నిర్ధారించుకున్నట్టు చూసి, మళ్లీ పెట్టేసింది. ఆదివారం నుంచి ఆ ఇంట్లో అందరూ మూతలు తీయడం, పెట్టడం తప్ప నోరు తెరవడం లేదు.

"అన్నం మీద అలుగుడేందే?" అంది సంధ్యారాణి. "అలిగేది నా మీద గదా."

"అమ్మా, ఆమెకు చెప్పు. నేను అలగలే. అలిగినోళ్లు మళ్ల మాట్లాడుతరు. నేను మాట్లాడ."

"మాట్లాడుతనే ఉన్నవు గదా."

"నీతోని మాట్లాడుతున్ననా? అమ్మతోని మాట్లాడుతున్న."

వనిత మళ్లీ మూత తీసింది.

"అమ్మా, ఇగో, పేపర్ల పడ్డది!" హాల్లోంచి సంపత్ కేకేశాడు. కోరుట్లలో రెడీమేడ్ బట్టల దుకాణం నడిపే సంపత్‌కు, పొద్దున పేపరు చదవడం కన్నా పేపర్లో తమవాళ్ల కోసం వెతకడం అలవాటు. ఇన్నేళ్లకు దొరికారు. "‘బంధం కన్నా నిజమే మిన్న.’ ఎంత మంచిగ పెట్టిండ్రో చూడు. ‘ఒకప్పటి రాష్ట్ర చాంపియన్, ఈ ప్రాంతం నుంచి టెన్నిస్ బ్యాటు పట్టిన తొలి మహిళ సంధ్యారాణి, సొంత మనవరాలు చెప్పిన అబద్ధాన్ని అందరి ముందూ...’"

వంటింట్లో కంచం నేలమీద జరిగిన చప్పుడైంది.

సంపత్ ఆగాడు. ఆపింది బయటికి చదవడమే. కళ్లు మాత్రం కింది వరుసల మీద పరిగెడుతూనే ఉన్నాయి. అక్కడెక్కడో తన పేరు కూడా ఉంది మరి.

"అబద్ధమని రాసిండ్రా డాడీ?" మనీషా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పేపరోళ్లు ఏదో ఒకటి రాస్తరు బిడ్డా. నీ పేరైతే వెయ్యలే. ఉత్తగ మనవరాలు అని ఊకున్నరు."

"ఆమెకు ఇంకెంతమంది ఉన్నరు మనవరాళ్లు?"

సంపత్ పేపరు మడిచాడు. వార్త పైకి కనబడేలా మడిచాడు. అది అతని తప్పు కాదు, చేతులు అలా మడిచేశాయి.

మనీషా తినకుండానే గదిలోకి పోయి తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు కాలేదు. సంధ్యారాణికి అదే ఎక్కువ బాధగా అనిపించింది. గడియ పెట్టుకున్న పిల్లను తలుపు కొట్టి బతిమాలొచ్చు. గడియ పెట్టని పిల్ల, ఎవరూ రారని తెలిసే ఊరుకున్నట్టు.

జరిగింది చెప్పుకుంటే చిన్నదే. జగిత్యాల ఊరి చివర కుమార్ నడిపే మట్టి కోర్టులో ఆడపిల్లల పోటీలు. ఆదివారం మనీషాది సెమీఫైనల్. ఇలాంటి చిన్న పోటీల్లో గీతల దగ్గర ఎవరినీ నిలబెట్టరు. ఎవరి వైపు పడ్డ బంతిని వాళ్లే చూసి, లోపల పడిందో బయట పడిందో చెప్పాలి. అవతలివాళ్లు నమ్మాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు నోరు తెరవకూడదు. సంధ్యారాణికి తన పుట్టిల్లు ఏ వీధిలో ఉందో ఎంత బాగా తెలుసో, ఈ రూలూ అంత బాగా తెలుసు.

ఆ ఒక్క పాయింటు వస్తే ఆట మనీషాది. అవతలి పిల్ల కొట్టిన బంతి వెనక గీత దగ్గర పడింది. మనీషా వేలెత్తి "అవుట్" అంది. అవతలి పిల్ల బ్యాటు చంకలో పెట్టుకుని, చెయ్యి కలపడానికి నెట్టు దగ్గరికి నడుస్తోంది.

"లోపలే పడ్డది! సున్నం లేసింది!"

ముందువరుస కుర్చీలోంచి ఆ మాట అన్నది సంధ్యారాణి. అన్నాక గానీ ఆ గొంతు తనదేనని ఆమెకు తెలియలేదు. గీత మీద తెల్లగా పొగలా లేవడం ఆమె కళ్లారా చూసింది. లేచిన సున్నం అబద్ధం చెప్పదు. చిన్నప్పుడు నేర్చుకున్న ఆటలో అంతకు మించిన సాక్ష్యం లేదు.

కుమార్‌కు అది చాలు. "మేడమే చెప్పినంక ఇగ మాటేంది!" అని పాయింటు తీసి అవతలి పిల్లకు ఇచ్చాడు. ఆ తర్వాత మనీషా ఒక్క బంతీ సరిగ్గా కొట్టలేకపోయింది. ఆట పోయింది. జనం మాత్రం చప్పట్లు కొట్టారు. బాపమ్మకు.

*

కుమార్ జగిత్యాల నుంచి బండి మీద వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వనిత మనీషా కంచం ఇంకా తీయలేదు. కుమార్ నలుగురిలో సంధ్యారాణిని మేడం అంటాడు, ఇంట్లో అక్కా అంటాడు. ఏదైనా పనుంటే రెండూ కలిపి అంటాడు.

"మేడమక్కా, ఇది ఒక్కసారి చూడు. నువ్వు సరే అంటే సాయంత్రానికి ప్రింటుకు పోతది."

ఫోనులో ఫ్లెక్సీ. పైన వరుసగా పెద్దమనుషుల ఫొటోలు, కింద దండం పెడుతున్న చిన్న నాయకుల ఫొటోలు. నడుమ, చోటు మిగిలినంతలో, పద్దెనిమిదేళ్ల సంధ్యారాణి. రెండు జడలు, చేతిలో కర్ర బ్యాటు, నవ్వాలా వద్దా అని తేల్చుకోని మొహం.

సంధ్యారాణి ఫోను దగ్గరికి తెచ్చుకుంది.

"నా పావడ ఎందుకు పాదాల దాంక ఉన్నది?"

"అదా... పాత ఫొటోల జర పొట్టిగున్నదక్కా. పెద్దమనుషుల పక్కన బాగుండదని డిజైన్ చేసేటాయన కిందికి గుంజిండు. కంప్యూటర్ల అన్నీ అయితయి."

"పాదాల దాంక పావడ కట్టుకొని ఉరికితే బొక్కబోర్ల పడుతుంటి కుమార్."

"గట్ల ఎవరాలోచిస్తరక్కా."

ఆలోచించినవాళ్లు ఆ రోజుల్లోనే ఉన్నారు. సంధ్యారాణి మొదటిసారి మోకాళ్ల పావడతో బస్సు దిగినప్పుడు, సిరిసిల్లలో వాళ్ల వాడలో ఒకావిడ అరుగు మీద కూర్చుని గట్టిగానే అంది. ‘ఊరంత మగ్గాలేనాయె. ఈ పిల్లకు మోకాళ్ల కిందికి జానెడు గుడ్డ దొరకలేదా?’ అని. సంధ్యారాణి ఆ రోజు ఏడ్చింది. తర్వాత ఎన్నో ఏళ్లకు, ఆ మాట గుర్తొచ్చి ఒక్కతే నవ్వుకుంది. ఇప్పుడు ఆ జానెడు గుడ్డ కుమార్ తెచ్చి కట్టాడు.

"వచ్చే ఆదివారం ఫైనల్ అయినంక సన్మానం. కోర్టుకు నీ పేరు పెడుతున్నం. బోర్డు రాయించుడు గూడ అయిపోయింది," అన్నాడు కుమార్. "నువ్వు నిజాయితీ మీద రెండు ముచ్చట్లు చెప్పాలె. పిల్లను తప్పకుంట తీస్కరా. స్టేజి మీద నీ కాళ్లు మొక్కుతది. మనసుల ఏమన్న ఉంటే పోతది. ఫొటోలు మంచిగస్తయి."

వనిత చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టింది. కప్పులు పెట్టాల్సిన దానికన్నా కాస్త గట్టిగా పెట్టింది. సాసర్లో చాయ్ ఒలికింది.

"మంచి ఆలోచన," అన్నాడు సంపత్. "కాళ్లు మొక్కితే అయిపాయె."

"నువ్వు మొక్కుపో," అంది వనిత, మొగుడికి మాత్రమే వినబడేంత నెమ్మదిగా. అందరికీ వినబడింది.

కుమార్ మాట మార్చడానికి కోర్టు సంగతి ఎత్తాడు. "ఎంత పరేషాన్ అయితిమో అక్కా ఆ దినం. ముందల రాత్రి వాన కొట్టి గీతల సున్నమంత కొట్టుకపోయింది. తడి సున్నం గీస్తే ఆరేదాంక యాడ ఆగుదుమని, కిరాణం దుకాణంల ముగ్గుపిండి ప్యాకెట్లు తెచ్చి పోయించిన. ఎంత తెల్లగ కొట్టొచ్చినట్టు కనబడ్డయి గీతలు! చూసినవు గదా?"

సంధ్యారాణి చేతిలో కప్పు నోటిదాకా వచ్చి ఆగింది.

"పొడి ముగ్గా?"

"పొడిదే. ఏమయితది?"

ఏమవుతుందో సంధ్యారాణికి తెలుసు. ముంగిట్లో రోజూ ముగ్గేసే ప్రతి ఆడదానికీ తెలుసు. తడి సున్నం ఆరితే నేలను కరుచుకుంటుంది. బంతి వచ్చి గట్టిగా తగిలితే తప్ప లేవదు. పొడి ముగ్గు అలా కాదు. పక్క నుంచి కోడి నడిచినా లేస్తుంది.

ఆమె గుమ్మం వైపు చూసింది. అక్కడ నిలబడ్డ వనిత కళ్లు ఆమె కళ్లతో కలిశాయి. వనిత చప్పున తల తిప్పుకుని, లోపల ఏదో పొయ్యి మీద ఉన్నట్టు వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"అయితే ఫ్లెక్సీ ప్రింటుకు పంపన్నా?" అన్నాడు కుమార్.

సంధ్యారాణి జవాబు చెప్పేలోపు ఆమె ఫోను మోగింది. సిరిసిల్ల నుంచి అన్న అంజయ్య.

"చెల్లె, నీ మనవరాలు ఇప్పుడే బస్సు దిగి మా ఇంటికి అచ్చింది."

"ఎవరు? మనీషానా? ఇంట్లనే ఉన్నది గదా!"

సంపత్ లేచి గది తలుపు తోశాడు. గడియ లేని తలుపు తేలిగ్గా తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. పొద్దున హాల్లో పేపరు చేతులు మారుతుండగానే పెరటి వైపు నుంచి వెళ్లిపోయినట్టుంది.

"ఆదివారం దాటినంకనే ఇంటికి పోతదట," అంటున్నాడు అంజయ్య. "బ్యాట్లు గూడ తెచ్చింది. పాత సామాన్లు కొనేటోనికి అమ్ముకో తాతా అన్నది. చెల్లె, గవి ఇనుమా, ప్లాస్టికా? అడుగుతే చెప్పాలె గదా వానికి."

*

మర్నాడు పొద్దున కథలాపూర్ దాటి రుద్రంగి వైపు బస్సు పోతుంటే, కిటికీ పక్కన వనిత, ఇవతల సంధ్యారాణి. సంపత్ వస్తానన్నాడు. ‘నువ్వు దుకాణం చూసుకో’ అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అత్తాకోడళ్లు ఒక్క మాట మీద నిలబడటం చూసి అతను నిజంగానే దుకాణానికి పోయాడు.

సంధ్యారాణి ఈ దారిన పెళ్లికూతురుగా వచ్చింది. కొత్త చీర, ఒళ్లో ఒడిబియ్యం మూట. బ్యాటు మాత్రం సిరిసిల్లలో ఉండిపోయింది. 

ఆమె తండ్రి పేరు ఆనందం. చేతిమగ్గం నేసేవాడు. జగిత్యాలలో ఆఫీసర్లు ఆడుకునే కోర్టు నెట్టుకు పైన తెల్ల పట్టీ చినిగితే, దుప్పటి నేత గుడ్డతో కొత్తది కుట్టి ఇచ్చాడు. ఆ పట్టీ కట్టడానికి పోయినప్పుడు వెంట పోయిన పిల్ల, కట్టడం అయిపోయినా కదల్లేదు. ఒక ఆఫీసరు భార్యకు జోడీ దొరక్క, ఆ పిల్ల చేతికే బ్యాటిచ్చింది. అక్కడి నుంచి హైదరాబాద్ దాకా పోయి, ఇంగ్లిషులో తప్ప నవ్వని అమ్మాయిలను ఓడించి, రాష్ట్ర చాంపియన్ కప్పుతో బస్సు దిగింది. ఢిల్లీ పోటీకి పిలుపు వచ్చిన వారంలోనే కోరుట్ల నుంచి సంబంధం వచ్చింది.

‘పిల్ల ఇంకా ఆడుతదా?’ అని వియ్యాలవారు అడిగారు.

‘ఆడదు,’ అన్నాడు ఆనందం.

తలుపు వెనక నిలబడ్డ సంధ్యారాణి నోట ఒక్క మాట రాలేదు. తండ్రి చెడ్డవాడు కాదు, వియ్యాలవారూ కాదు. ఎవరైనా ఆమెను అడిగి ఉంటే ఏమనేదో ఆమెకే తెలియదు. కానీ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కూరలో ఉప్పు తగ్గిందని కూడా అనని మనిషిగా నలభై ఏళ్ల పైన కాపురం చేసింది. అంత కాలం నోట్లో దాచుకున్న గొంతు, ఆదివారం పొద్దున, మనవరాలి మీద బయటపడింది.

"వనితా," అంది. "నువ్వు ఆ దినం వీడియో తీస్తుంటివి గదా."

వనిత కిటికీలోంచి మక్కజొన్న చేలను చూస్తోంది. "తీసిన."

"ఉన్నదా?"

"ఉన్నది."

"చూసినవా?"

"చూసిన అత్తమ్మా." కిటికీ ఊచ మీద చెయ్యి వేసి, "ఆ దినమే. ఇంటికచ్చినంక బాత్రూంల నిలబడి చూసిన."

సంధ్యారాణి చెయ్యి చాపింది. వనిత ఫోను ఇచ్చింది.

చిన్న తెర. అందులో చిన్న మనీషా. బంతి వచ్చింది, పడింది. తడి ఆరని మట్టి మీద, గీతకు అవతల, నల్లటి మచ్చ. బంతికీ గీతకూ నడుమ అరచెయ్యి ఆనించేంత జాగా ఉంది. ఆ వెంటనే మనీషా కుడి బూటు గీత మీద జారింది. తెల్లగా లేచింది. అదే క్షణంలో తన గొంతు, ఫోనులోంచి, బస్సంతా వినబడేలా:

"లోపలే పడ్డది! సున్నం లేసింది!"

ముందు సీటులో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. సంధ్యారాణి వీడియో ఆపబోయి, రెండుసార్లు తప్పుచోట నొక్కింది. ఆ గొంతు మళ్లీ వినబడింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరు పోయి కుమార్‌కు చెప్తుండిరి. పిల్ల మళ్ల బ్యాటు పడుతుండె."

"పట్టొద్దా?"

"వద్దు." వనిత ఇటు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు, అందుకే సంధ్యారాణికి భయమేసింది. "నేను కాపురానికి వచ్చిన కాడికెల్లి మిమ్మల్ని చూస్తున్న అత్తమ్మా. బతుకమ్మ నాడు అందరం చప్పట్లు కొడుతం. మీ కుడిచెయ్యి మాత్రం వేరే తీరు తిరుగుతది, బంతి వస్తున్నట్టు. మీకు తెల్వదు. ఆడోళ్లందరికి తెలుసు. ఆడింది కొన్నేండ్లే. ఆ ఆట మిమ్మల్ని ఇప్పటిదాంక ఇడిసిపెట్టలే. నా బిడ్డకు గది వద్దు. ఆడితే మొత్తం ఆడాలె. లేకుంటే ఇప్పుడే మరువాలె. మొత్తం ఆడిపిచ్చేటంత మనకు యాడున్నది?"

"అందుకని దాన్ని అబద్ధాలకోరు అంటుంటే ఊకుంటవా?"

"నాలుగు దినాలైతే లోకం మర్చిపోతది."

"అది మర్చిపోతదా?"

వనిత ఫోను వెనక్కి తీసుకుంది. కొంగు చివర తీసుకుని, తుడవాల్సిన అవసరం లేని ఫోను తెరను తుడవడం మొదలుపెట్టింది. వేములవాడ వచ్చేదాకా తుడుస్తూనే ఉంది.

*

అంజయ్య ఇంట్లో ముందు మనుషులుండే గదులు, వెనక మరమగ్గాల షెడ్డు. మనుషుల గదుల్లో ఉన్నవాళ్లు కూడా షెడ్డులో ఉన్నట్టే మాట్లాడుకుంటారు, ఆ మోత అలాంటిది. మనీషా షెడ్డు మూలన పీట మీద కూర్చుని, దారం చుట్టిన కండెలను గంపలో సర్దుతోంది. వీళ్లను చూసింది. మళ్లీ కండెల వైపు చూసింది.

"మగ్గాలు బంద్ పెట్టమంటవా చెల్లె?" అని అంజయ్య ఆమె చెవి దగ్గర అరిచాడు.

"వద్దన్నా."

పని ఆపించడం ఎందుకని వద్దంది. తర్వాత అర్థమైంది, ఆ మోతలో క్షమించమని అడగాలంటే కూడా అరవాల్సిందేనని.

"బిడ్డా, బంతి బయటనే పడ్డది!"

మనీషా చెవికి చెయ్యి ఆనించింది. వినబడలేదని కాదు. మళ్లీ అనమని.

"అవుట్! బంతి అవుట్! నేనే తప్పు చూసిన!"

అంజయ్య అప్పుడు ఎవరినీ అడక్కుండా పోయి మీట దించాడు. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మనీషా చేతిలోని కండె గంపలో పడ్డ చప్పుడు కూడా వినబడింది.

"ఎట్ల తెలిసింది?" అంది మనీషా. ఆదివారం తర్వాత బాపమ్మతో నేరుగా అన్న మాట అదే.

"మీ అమ్మ వీడియో తీసింది. బస్సుల చూసిన. నీ బూటు తాకి ముగ్గు లేసింది. నేను..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"వీడియో ఉన్నదని తెలుసు. అమ్మ కంటె ముందు నేనే చూసిన. వాపస్ వచ్చేటప్పుడు కార్ల, అమ్మ ఫోన్ నా దగ్గరనే ఉండె."

వనిత గోడకు ఆనుకుంది. "మరి నాకు చెప్పకపోయినవా?"

"నువ్వు నాకు చెప్పినవా?"



"చూపిస్తే అయిపోవు గదనే," అంది సంధ్యారాణి. "ఆ దినమే నా ముందర పెడితే అయిపోవు గదా. ఇన్ని దినాలు తిండి మాని, మాట మాని..."

"ఎందుకు చూపియ్యాలె? వీడియో చూస్తే ఎవరన్న నమ్ముతరు. ఆ పేపరాయన గూడ నమ్ముతడు." మనీషా లేచి నిలబడింది. చేతులకు దారపు నూగు అంటుకుని ఉంది, దులుపుకోలేదు. "నేను అవుట్ అన్నప్పుడు అవతలి పిల్ల నమ్మింది బాపమ్మా. చెయ్యి కలుపుతందుకు వస్తుండె. నన్ను ఓడగొట్టాలని వచ్చిన పిల్ల నా మాట నమ్మింది. నాకు బ్యాటు పట్టుకునుడు నేర్పిన దానివి, నువ్వు నమ్మలే. అప్పుడు బూటు సంగతి నాకు తెల్వదు, ముగ్గు సంగతి తెల్వదు. నన్ను ఒక్కసారి అడుగుతవేమో అని చూసిన. ‘బిడ్డా, నువ్వు ఏం చూసినవు’ అని. అడగలే. అన్నం తింటవా అని అడిగినవు."

అంజయ్య షెడ్డు కప్పు వైపు చూశాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

సంధ్యారాణి ఎదుట ఇప్పుడు పదిహేనేళ్ల పిల్ల లేదు. తలుపు వెనక నిలబడి, ఎవరైనా అడుగుతారేమోనని చూసిన ఇంకో పిల్ల ఉంది. ఆ పిల్లను అడగనివాళ్ల మీద ఇన్నేళ్లూ లోపల్లోపల ఎంత నిష్ఠూరం పెట్టుకుందో తలుచుకుంటే సిగ్గేసింది. ఆమె గంప పక్కన నేల మీద కూర్చుండిపోయింది. మోకాలు నొప్పి అందామంటే ఎవరూ నమ్మేలా లేరు.

"తప్పయింది," అంది. "వీడియో చూసినందుకు అంటలేను. చూడకముందు నిన్ను అడగనందుకు."

మనీషా గంపలో పడ్డ కండెను తీసి వరుసలో పెట్టింది. 

సంధ్యారాణి ఫోను తీసి కుమార్‌కు కలిపింది. కళ్లద్దాలు సంచిలోంచి తీయలేదు. ఏదో నొక్కితే స్పీకరు మోగింది.

"మేడమక్కా! ఫ్లెక్సీలు కట్టుడు అయితున్నది. నువ్వు ఏమనలే గదా అని ప్రింటుకు ఇచ్చిన."

"కుమార్, ఆ బంతి అవుట్."

"ఏ బంతక్కా?"

"ఏ బంతి పేరు చెప్పి నాకు శాలువా కప్పుతున్నవో ఆ బంతి. మనీషా చెప్పిందే నిజం. వీడియో ఉన్నది. నీ ముగ్గు బూటు తాకి లేసింది. ఆట మనీషా గెలిచింది. సన్మానం వద్దు, బోర్డు మీద నా పేరు తీసెయ్."

 అవతల ఎవరో సుత్తితో మేకు కొడుతున్న చప్పుడు వినబడింది. కుమార్ ‘ఆగుండ్రా’ అన్నాడు. మేకు చప్పుడు ఆగింది.

"అక్కా, ఇప్పుడు చెప్తే ఎట్ల? పెద్దమనుషులను పిలిచినం. సరే, గది నేను చూసుకుంట. మరి ఫైనల్? ఆ పిల్ల ఫైనలుకు వచ్చింది గదా. వాళ్ల ఊరోళ్లు బండి మాట్లాడుకున్నరు, వాళ్ల నాయిన పొద్దున గూడ ఫోన్ చేసిండు. ఆ పిల్లను ఇప్పుడు ‘నువ్వు ఓడిపోయినవు, ఇంటికాడ ఉండు’ అనాల్నా? ఆ పిల్ల చేసిన తప్పేంది?"

మనీషా తలెత్తింది.

"నాకేం తెల్వదక్కా," అన్నాడు కుమార్. "నువ్వు లోపల అన్నవు, లోపల అన్న. ఇప్పుడు బయట అంటున్నవు, బయట అంట. నువ్వెట్ల చెప్తే గట్లనే. ఆదివారం ఎవరు ఆడాలె? నువ్వే చెప్పు."

సంధ్యారాణి నోరు తెరిచింది. ఆమె మనసులో జవాబు ఉంది. మొహం మీద కనబడేంత స్పష్టంగా ఉంది. మనవరాలికి న్యాయం జరగాలి, అంతే.

అంతలో ఆమెకు ఎదురుగా మనీషా కళ్లు కనబడ్డాయి. ఆ కళ్లు కూడా బాపమ్మ నోటి వైపే చూస్తున్నాయి, ఆ నోరు మళ్లీ ఏమంటుందోనని.

"నేను చెప్ప కుమార్," అంది సంధ్యారాణి. ఫోను మనీషాకు చాపింది. "ఇగో, పిల్ల మాట్లాడుతది."

"అత్తమ్మా!" వనిత గోడ వదిలి ముందుకొచ్చింది. "అది చిన్నపిల్ల. దానికేం తెలుసని..."

"తెల్వదనే గదా మనం ఇద్దరం అనుకున్నం."

మనీషా ఫోను వంక చూసింది, తల్లి వంక చూసింది. నూగు చేతులు పావడకు తుడుచుకుని ఫోను తీసుకుంది. స్పీకరు ఆపింది. ఆ పని ఆమెకు ఒక్క నొక్కుతో వచ్చింది. "హలో అంకుల్" అంటూ షెడ్డు దాటి వాకిట్లోకి నడిచింది.

"అయిందా మీ ముచ్చట?" అన్నాడు అంజయ్య. అతను కళ్లు తుడుచుకుని, అది నూగు పడ్డందుకే అన్నట్టు విసుక్కుని, పోయి మీట పైకెత్తాడు. మగ్గాలన్నీ ఒక్కసారి లేచాయి.

వాకిట్లో ఎండలో మనీషా అటు తిరిగి నిలబడి ఉంది. తల ఊపుతోంది. మధ్యలో ఒకసారి చెయ్యి గట్టిగా అడ్డంగా తిప్పింది. వద్దంటోందో, కాదంటోందో, ఎవరిని వద్దంటోందో గుమ్మంలో నిలబడ్డ ఇద్దరికీ అంతుబట్టలేదు.

"ఏమంటున్నది?" వనిత అరిచింది. "అత్తమ్మా, ఏం చెప్తున్నది అది?"

వాకిట్లోకి పోవడానికి అడుగు వేసింది.

సంధ్యారాణి కోడలి కొంగు పట్టుకుని ఆపింది.